మొదటి ఆల్బమ్ వచ్చేసరికి మనిషి లేడు: టీనా బ్రూక్స్, మా మామ, నా హార్డ్ డిస్క్

ఇయర్‌ఫోన్స్ దగ్గర్లో ఉంటే ఒకసారి పెట్టుకోండి, ఈ రోజు ఎపిసోడ్ చూడడం కన్నా వినడం ముఖ్యం. వెనకాల వస్తున్న హోరు మైపాడు సముద్రం. గాలి ఎక్కువగా ఉంది, మైక్‌కి స్పాంజ్ చుట్టినా వినిపిస్తూనే ఉంటుంది, అడ్జస్ట్ అయిపోండి.

సరే, డైరెక్ట్‌గా విషయంలోకి వచ్చేద్దాం. 1980లో జపాన్‌లో ఒక ఎల్పీ రికార్డు రిలీజ్ అయింది. పేరు ‘మైనర్ మూవ్’. ఒక అమెరికన్ జాజ్ శాక్సఫోన్ ఆర్టిస్ట్ లీడర్‌గా చేసిన మొట్టమొదటి ఆల్బమ్ అది. పేరు టీనా బ్రూక్స్. ఆడపేరులా ఉంది కానీ మగమనిషే. ఆ రికార్డు షాపుల్లోకి వచ్చేసరికి ఆయన చనిపోయి ఆరేళ్లయింది. అది వాయించింది ఎప్పుడో తెలుసా? 1958 మార్చి 16న. అంటే 22 ఏళ్లు ఆ టేపు డబ్బాలో ఉండిపోయింది.

మామూలుగా ఎవరిదైనా మొదటి ఆల్బమ్ అనగానే మనం రిలీజ్ డేట్ చూస్తాం. యాప్‌లో పేరు కింద ఏడాది ఉంటుంది కదా, అది. మరి వాయించిన రోజుకీ, జనం విన్న రోజుకీ మధ్య 22 ఏళ్లుంటే, ఆ మనిషి లేకుండా కూడా పోతే, ఆ ఆల్బమ్‌ని ఏమనాలి? ఇది నన్ను రెండేళ్లుగా గుచ్చుతోంది. ఎందుకు గుచ్చుతోందో చివర్లో చెప్తా. అందులో నా తప్పు ఒకటుంది. అది చెప్పకుండా ఈ ఎపిసోడ్ అయిపోదు.

ముందు నాకు ఈ జాజ్ పిచ్చి ఎలా పట్టిందో రెండు ముక్కల్లో. బీటెక్ అయ్యాక చెన్నైలో ఓఎంఆర్ మీద ఒక కంపెనీలో ఐదేళ్లు కోడింగ్ చేశా. ఆఫీసు మొత్తం ఓపెన్ హాలు, అందరూ కాల్స్‌లో అరుస్తుంటారు. హెడ్‌ఫోన్స్ లేకపోతే పని జరగదు. మన పాటలు పెట్టుకుంటే మనసు సాహిత్యం వెంట పోతుంది, కోడ్‌లో బగ్స్ వస్తాయి. అందుకని మాటలు లేని సంగీతం వెతికా. అలా దొరికింది జాజ్. మొదట్లో అదంతా హోటల్ లాబీలో వేసే మ్యూజిక్ అనుకున్నా. ఒక రాత్రి డిప్లాయ్‌మెంట్ ఫెయిల్ అయి రెండింటి దాకా కూర్చున్నప్పుడు ఒక శాక్సఫోన్ నా చేతిని కీబోర్డు మీద ఆపేసింది. ఎందుకంటే ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో విన్న గొంతు.

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, బ్యాండ్ మేళంలో శాక్సఫోన్ వాయించేవాడు. ఈ తీరప్రాంతంలో, ఇందుకూరుపేట నుంచి అల్లూరు దాకా, ఎన్ని పెళ్లి మెరవణుల్లో వాయించాడో ఆయనకే లెక్క లేదు. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, కాళ్లకి మాత్రం హవాయి చెప్పులు. ముందు పెట్రోమాక్స్ లైట్లు, వెనక జనరేటర్ బండి. ముహూర్తాలుంటే నిద్ర ఉండదు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా పని ఉండదు. అప్పుడు రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలాకి పోయేవాడు. తర్వాత డీజే బాక్సులు వచ్చాయి, బ్యాండ్ సెట్లు ఒక్కొక్కటీ విడిపోయాయి, కాపలా పనే ఏడాది పొడుగునా అయింది.

ఈ వాయిద్యం గురించి ఒక చిన్న సంగతి చెప్తా. శాక్సఫోన్‌ని కనిపెట్టింది అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం మనిషి. 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. దాని పేరు ఆయన ఇంటిపేరే. ఒళ్లంతా ఇత్తడి, కానీ దాన్ని లోహ వాయిద్యాల్లో కలపరు. శబ్దం పుట్టేది నోటి దగ్గర పెట్టే రెల్లు ముక్క నుంచి. దాన్నే రీడ్ అంటారు. మన నాదస్వరానికీ రీడే ఉంటుంది, కాకపోతే అక్కడ జంట రీడు, ఇక్కడ ఒంటి రీడు. మిలిటరీ బ్యాండ్ల కోసం తయారైన ఈ వాయిద్యం ఒకవైపు అమెరికా వెళ్లి జాజ్‌కి గొంతయింది. మరోవైపు మన దగ్గర పెళ్లి బ్యాండులోకి వచ్చి సినిమా పాట అందుకుంది. అదే వాయిద్యం, రెండు బతుకులు.

ఇప్పుడు హార్డ్ బాప్ అంటే ఏంటో చూద్దాం. పేరు చూసి భయపడకండి. 1940ల్లో చార్లీ పార్కర్ లాంటి వాళ్లు బీబాప్ అని ఒక పద్ధతి తెచ్చారు. విపరీతమైన వేగం, మెలికలు తిరిగే స్వరాలు. డాన్స్ చేసే జనం కాళ్లు ఆపేసి కూర్చుని వినాల్సి వచ్చింది. 1950ల మధ్యకి వచ్చేసరికి ఆర్ట్ బ్లేకీ, హోరెస్ సిల్వర్ లాంటి వాళ్లు ఆ తెలివినంతా అలాగే ఉంచి, దానికి బ్లూస్‌నీ, నల్లజాతి చర్చిల్లో పాడే గాస్పెల్ పాటల ఊపునీ కలిపారు. మెదడుకి పని ఉంటుంది, కాలు కూడా కదులుతుంది. అదే హార్డ్ బాప్. ఎక్కువగా ఐదుగురుంటారు: ట్రంపెట్, శాక్సఫోన్, పియానో, బేస్, డ్రమ్స్.

పాట నడిచే తీరు మనకి కొత్తేం కాదు. ముందు ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి అసలు ట్యూన్ వాయిస్తాయి. మన కచేరీలో పల్లవి పాడినట్టు అనుకోండి. ఆ తర్వాత ఒక్కొక్కరూ అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయిస్తారు. అది మన కల్పన స్వరం లాంటిది. చివరికి అందరూ మళ్లీ పల్లవికి వచ్చి కలుస్తారు. మధ్యలో వాళ్లు ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది గానీ, అడుగున లెక్క తిరుగుతూనే ఉంటుంది. చాలా పాటలు 32 బార్లు, బారుకి 4 లెక్కలు, మొత్తం 128. మన ఆది తాళంలో చెప్పాలంటే 16 ఆవర్తనాలు. అది పూర్తవగానే మళ్లీ మొదటి నుంచి. ఆ చక్రం దాటి ఎవరూ పోరు. మనకీ, వాళ్లకీ తేడా ఎక్కడంటే, మనం ఒక రాగాన్ని పట్టుకుని దాంట్లోనే లోతుకి వెళ్తాం. వాళ్ల కింద కార్డ్స్ మారుతూ ఉంటాయి. నడుస్తున్న రైల్లో ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెలోకి తూలకుండా నడిచినట్టు, స్వరాలు ఆ మార్పుల మీద అడుగులు వేసుకుంటూ పోవాలి.

కల్పించి వాయించడం మన నేలకి బాగా తెలిసిన విద్యే. ఇక్కడి నుంచి హైవే ఎక్కి ఉత్తరానికి పోతే ఒంగోలు దగ్గర కరవది అనే ఊరుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు 1924లో పుట్టింది అక్కడే. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన వాయిద్యం వింటూ పెరిగిన జిల్లాలు మనవి. కాబట్టి జాజ్ మనకి అర్థం కాదు అనే మాట నేను ఒప్పుకోను.

సరే, టీనా బ్రూక్స్ దగ్గరికి వద్దాం. అసలు పేరు హెరాల్డ్ ఫ్లాయిడ్ బ్రూక్స్. 1932 జూన్ 7న నార్త్ కరోలినాలోని ఫేయెట్‌విల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు బక్కగా, పొట్టిగా ఉండేవాడని ‘టీనీ’ అనేవాళ్లు. మన దగ్గర బుడ్డోడు అన్నట్టు. ఆ టీనీయే నోళ్లలో తిరిగి టీనా అయింది. 1944లో కుటుంబం న్యూయార్క్‌కి మారింది. అన్న బబ్బా బ్రూక్స్ కూడా శాక్సఫోన్ వాయించేవాడు. టీనా ముందు రిథమ్ అండ్ బ్లూస్ బ్యాండ్లలో పనిచేశాడు. అంటే డాన్స్ హాళ్లలో జనం అడిగింది వాయించే పని. ఒక రకంగా మా మామ పనే.

న్యూయార్క్‌లో బ్లూ నోట్ అని ఒక చిన్న రికార్డు కంపెనీ ఉండేది. బెర్లిన్ నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో మొదలుపెట్టాడు. చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ వచ్చి కలిశాడు. ఒకాయన సంగీతం చూసుకునేవాడు, ఇంకొకాయన ఫొటోలు తీసేవాడు. ఆ కంపెనీకి ఒక మంచి అలవాటు ఉండేది. రికార్డింగ్‌కి ముందు చేసే రిహార్సల్‌కి కూడా ఆర్టిస్టులకి డబ్బులిచ్చేవాళ్లు. మామూలు విషయం కాదండీ. మన దగ్గర ఇప్పటికీ ట్రయల్ వర్క్ ఫ్రీగా చేయించుకునేవాళ్లే ఎక్కువ.

లిటిల్ బెన్నీ హారిస్ అనే ట్రంపెట్ ఆయన టీనా గురించి లయన్‌కి చెప్పాడు. 1958 ఫిబ్రవరిలో ఆర్గాన్ వాయించే జిమ్మీ స్మిత్ రికార్డింగ్‌కి టీనాని పిలిచారు. మూడు వారాలకే సొంత ఆల్బమ్. అప్పటికి టీనా వయసు 25.

ఆ రికార్డింగ్ జరిగిన చోటు చెప్తే నవ్వుతారు. న్యూజెర్సీలో హ్యాకెన్‌సాక్ అనే ఊళ్లో ఒక ఇంటి హాలు. రూడీ వాన్ గెల్డర్ అనే సౌండ్ ఇంజనీర్ తన అమ్మానాన్నల ఇంటి హాల్లోనే రికార్డింగులు చేసేవాడు. పగలు ఆయన కళ్లు పరీక్ష చేసి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్ట్. ఉద్యోగం ఒకవైపు, మైకులు ఇంకోవైపు. జాజ్ చరిత్రలో గొప్ప గొప్ప రికార్డులు ఆ హాల్లో పుట్టాయి. 1959లో సొంత స్టూడియో కట్టుకున్నాకే ఉద్యోగం వదిలాడు. నేను రిజైన్ చేసేముందు ఈ విషయం తెలిసుంటే ఇంకో ఏడాది ఆగేవాణ్ణేమో!

ఆ రోజు హాల్లో ఎవరెవరున్నారో చూడండి. ట్రంపెట్ మీద లీ మోర్గన్, వయసు 19. పియానో సోనీ క్లార్క్, బేస్ డగ్ వాట్కిన్స్. డ్రమ్స్ మీద ఆర్ట్ బ్లేకీ. హార్డ్ బాప్‌ని తయారుచేసినవాళ్లలో ముందు వరస మనిషి. అంతమంది మధ్య లీడర్ సీటులో ఒక కొత్త కుర్రాడు. ఐదుగురూ ఒకేచోట కూర్చుని ఒకేసారి వాయించాలి. తప్పు పోతే ఆ ఒక్క ముక్క కోసి సరిచేసే ఆటోట్యూన్ లేదు. ఐదు పాటలు చేశారు. రెండు టీనా సొంతవి, మూడు అప్పటికే జనానికి తెలిసినవి.

ఆ తెలిసిన వాటిలో ‘ద వే యూ లుక్ టునైట్’ అనేది ఒకటి. అది 1936లో వచ్చిన ‘స్వింగ్ టైమ్’ అనే సినిమాలో పాట. ఆ ఏడాది ఆస్కార్ కూడా వచ్చింది. అంటే ఏంటి? సినిమా పాట తీసుకుని శాక్సఫోన్ మీద వాయించడం. మన బ్యాండ్ మేళం చేసేదీ అదే కదా. తేడా ట్యూన్ అయిపోయాక మొదలవుతుంది. మన మెరవణిలో పాట అయిపోతే ఇంకో పాట. వాళ్లకి పాట అయిపోయిన చోట అసలు పని మొదలు.

ఈ పాటని నేను మా మామకి వినిపించా. గుంట గట్టు మీద, మోటార్ షెడ్డు పక్కన నులక మంచం. ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో. మొదట ట్యూన్ వచ్చినంతసేపూ తల ఊపాడు. టీనా ట్యూన్ వదిలి బయటికి వెళ్లగానే మొహం ముడిచాడు.

“ఏం అబ్బయా, పాటని యాడ వదిలేసినాడు ఈయన?”

“వదల్లేదు మామా, లోపలుంది. లెక్క చూడు” అన్నా.

మాట్లాడలేదు. కాసేపటికి చూస్తే తొడ మీద వేళ్లు వేస్తున్నాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఒక చుట్టు అయింది, రెండో చుట్టు అయింది. లీ మోర్గన్ అందుకునేటప్పటికి మామ వేళ్లు ఒక్క లెక్క కూడా తప్పలేదు. చివర్లో ట్యూన్ మళ్లీ రాగానే చేత్తో మంచం పట్టె మీద ఒక్క దెబ్బ కొట్టాడు. “వచ్చేసినాడ్రా! ఎట్ట పోయినాడో అట్టనే వచ్చేసినాడు” అన్నాడు. జాజ్ గురించి నేను చదివిన వ్యాసాలన్నిటి కన్నా ఆ మాట నాకు ఎక్కువ నేర్పింది.

తర్వాత ఇంకో మాట అన్నాడు. “ఈయన గట్టిగా ఊదటంల్యా. మాట్లాడినట్టు ఊదుతుండాడు.” నిజం. టీనా శబ్దంలో దబాయింపు ఉండదు. హార్డ్ బాప్ అంటే గట్టిగా గుద్దే వాయిద్యం అనుకుంటారు, ఈయన ఆ ఊపు మీదే మెత్తగా తేలుతూ వెళ్తాడు. వెనక బ్లేకీ డ్రమ్స్ ఉరుముతుంటే ముందు ఈయన ఏదో తనలో తను చెప్పుకుంటున్నట్టు ఉంటాడు. అందులో ఒక దిగులు ఉంటుంది, కానీ ఎక్కడా ఏడుపు ఉండదు.

ఇంత బాగా వచ్చిన రికార్డింగ్ రిలీజ్ కాలేదు. టేపు డబ్బాలో పెట్టి అలమరాలో పెట్టేశారు. ఇది టీనాకి ఒక్కడికే జరిగింది కాదు. బ్లూ నోట్ వాళ్లు రిలీజ్ చేసినదాని కన్నా ఎక్కువ రికార్డ్ చేస్తూ ఉండేవాళ్లు. హ్యాంక్ మోబ్లీ 1966లో చేసిన ఒక ఆల్బమ్ 1979లో బయటికొచ్చింది. గ్రాంట్ గ్రీన్ 1964లో చేసిందీ 1979లోనే. కానీ వాళ్లకి అప్పటికే బయట వేరే ఆల్బమ్స్ ఉన్నాయి. టీనాకి ఇది మొదటిది. మొదటి మెట్టే లేకపోతే రెండోది ఎక్కడ ఎక్కుతాడు?

రెండేళ్లు పక్కవాళ్ల రికార్డుల్లో వాయించాడు. 1960 జూన్‌లో మళ్లీ అవకాశం వచ్చింది. ఆ నెల కథ వినండి. జూన్ 19న ఫ్రెడ్డీ హబ్బర్డ్ అనే 22 ఏళ్ల ట్రంపెట్ కుర్రాడు తన మొదటి ఆల్బమ్ రికార్డ్ చేశాడు. పేరు ‘ఓపెన్ సెసమీ’. అందులో శాక్సఫోన్ టీనా. ఆ టైటిల్ ట్యూన్ రాసింది కూడా టీనానే. సరిగ్గా ఆరు రోజులకి, జూన్ 25న, టీనా ఆల్బమ్ ‘ట్రూ బ్లూ’ రికార్డ్ అయింది. అందులో ట్రంపెట్ హబ్బర్డ్. ఇద్దరు స్నేహితులు ఒకే వారంలో ఒకరి ఆల్బమ్‌కి ఒకరు సాయం పట్టారు. ‘ట్రూ బ్లూ’లో ఆరు పాటలుంటే ఐదు టీనా సొంతవే.

ఈసారి రిలీజ్ చేశారు. కాబట్టి ప్రపంచం దృష్టిలో టీనా బ్రూక్స్ మొదటి ఆల్బమ్ ‘ట్రూ బ్లూ’. బతికుండగా ఆయన పేరు మీద బయటికొచ్చింది అదొక్కటే. హబ్బర్డ్ పెద్ద స్టార్ అయ్యాడు. టీనా కాలేదు. అదే ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంకో ఆల్బమ్ చేశాడు, అలమరాలోకి పోయింది. 1961 మార్చిలో నాలుగోది, అదీ అక్కడికే. దాని తర్వాత లీడర్‌గా ఇంక రికార్డింగ్ లేదు.

మధ్యలో ఒక నాటకం ఉంది. ‘ద కనెక్షన్’ అని 1959లో న్యూయార్క్‌లో మొదలైంది. హెరాయిన్ కోసం గదిలో ఎదురుచూస్తూ కూర్చునే మనుషుల కథ. స్టేజి మీద శాక్సఫోన్ వాయిస్తూ నటించింది జాకీ మెక్లీన్. ఆయన రాలేని రోజు వాయించడానికి సిద్ధంగా ఉండే మనిషి టీనా. వేరేవాడు రాకపోతేనే నీకు చోటు. ఆ నాటకంలో ఉన్న మత్తు టీనా జీవితంలోనూ ఉంది. ఆరోగ్యం పాడైపోయింది. 1974 ఆగస్టు 13న చనిపోయాడు. వయసు 42.

తర్వాత ఏం జరిగింది? 1970ల మధ్యలో మైకేల్ కస్కూనా అనే ఆయన బ్లూ నోట్ పాత టేపుల గదిలోకి వెళ్లి ఒక్కొక్క డబ్బా తీసి వినడం మొదలుపెట్టాడు. రిలీజ్ కాని రికార్డింగులు ఎన్నో బయటపడ్డాయి. 1980లో ‘మైనర్ మూవ్’ జపాన్‌లో వచ్చింది. 1985లో కస్కూనా వాళ్ల మొజాయిక్ కంపెనీ టీనా నాలుగు ఆల్బమ్‌లనీ కలిపి ఒక బాక్స్‌గా తెచ్చింది. నలభై ఏళ్లుగా జాజ్ ప్రేమికులు ఆయన్ని వెతుక్కుని వింటున్నారు. ఇప్పుడు మీ ఫోన్‌లో పేరు కొడితే వచ్చేస్తుంది.

ఇక్కడ చాలామంది వీడియోలు ఆపేస్తారు. ‘ప్రతిభ ఎప్పటికైనా బయటపడుతుంది ఫ్రెండ్స్’ అని ఒక లైన్ వేసి మ్యూజిక్ పెంచుతారు. నేను ఆ మాట అనను. ఎందుకంటే ఇక్కడ ప్రతిభ తనంతట తను బయటికి నడిచి రాలేదు. ఎవరో టేపు పారేయకుండా ఉంచారు. ఎవరు, ఎప్పుడు వాయించారో రాసి పెట్టారు. ఇంకెవరో ఏళ్ల తరబడి కూర్చుని విన్నారు. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా టీనా మొదటి ఆల్బమ్ ఈ రోజు లేదు. పైగా బయటపడింది సరే, దానివల్ల టీనాకి ఏం ఒరిగింది? 1963లో ఆయన ఏదో చిన్న క్లబ్బులో వాయిస్తుంటే, ‘మీ ఆల్బమ్ విన్నాను సార్’ అని ఒక్కడు చెప్పుంటే ఆ రాత్రి వేరేగా ఉండేదేమో. 1980లో ఎంతమంది చెప్పినా ఆయనకి చేరదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తా.

రెండేళ్ల క్రితం ఆషాఢంలో, అదే గుంట గట్టు మీద, మా మామ వాయిస్తుంటే ఫోన్‌లో రికార్డ్ చేశా. 11 నిమిషాలు. ముందు ఒక పాత సినిమా పాట. అయిపోగానే ఆపుతాడనుకున్నా. ఆపలేదు. టీనాని విన్నది ఆ ముందు వారమే. పాట వదిలి బయటికి పోయాడు. మోహన రాగం పట్టుకుని, కుర్రప్పుడు నాదస్వరం ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటీ బయటికి తీస్తున్నాడు. శాక్సఫోన్‌కి మీటలుంటాయి కదా, గమకం పలికించడం కష్టం. పెదవితో సాగదీస్తున్నాడు. రెండు చోట్ల శ్రుతి జారింది. వెనక ఏరియేటర్లు నీళ్లు కొడుతున్న చప్పుడు. చివర్లో పాటకి తిరిగొచ్చి, నా వైపు చూసి కళ్లతో నవ్వాడు. వచ్చేసినా చూడు అన్నట్టు.

ముప్పయ్యేళ్లు జనం అడిగిన పాట వాయించిన మనిషి మొదటిసారి తన కోసం వాయించుకున్నాడు. అది ఆయన మొదటి ఆల్బమ్ అండీ. నేనే దాని వాన్ గెల్డర్‌ని, నేనే ఆల్ఫ్రెడ్ లయన్‌ని.

నేనేం చేశాను? హార్డ్ డిస్క్‌లో పడేశా. ఏరియేటర్ నాయిస్ తీసేయాలి, కలర్ సరిచేయాలి, మంచి థంబ్‌నెయిల్ కావాలి అనుకున్నా. అసలు కారణం అది కాదు, నిజం చెప్తున్నా. శాక్సఫోన్ వీడియోకి వ్యూస్ రావు, అప్పుడే ఛానెల్ కొంచెం లేస్తోంది, గ్రాఫ్ పడిపోతుందని భయం. ఆ వారం ఫోన్ల పోలిక వీడియో పెట్టా.

మామ ఒకసారి అడిగాడు, “పెట్టినావా అబ్బయా?” అని. “ఎడిటింగ్‌లో ఉంది మామా” అన్నా. దీపావళికి ఇంకోసారి అడిగాడు. అదే చెప్పా. మూడోసారి అడగలేదు.

పోయిన వేసవిలో ఆయనకి పైపళ్లు తీసేశారు. షుగర్ వల్ల చిగుళ్లు పాడైపోయాయి. శాక్సఫోన్ వాయించేటప్పుడు పైపళ్లు మౌత్‌పీస్ మీద ఆనాలి, కింద పెదవి రీడ్‌కి మెత్తలా ఉండాలి. కట్టుడు పళ్లు పెట్టించాం, ఊదితే కదిలిపోతున్నాయి. రెండు రోజులు ప్రయత్నించి వాయిద్యాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. “పోనీలే, ఇంక ఎవురు పిలస్తారు” అన్నాడు. అన్నంలోకి పులుసు పోసుకుంటూ అన్నాడు, మామూలు విషయంలా.

అప్పటి నుంచి ఆ 11 నిమిషాలు తప్ప ఆయన వాయించింది ఇంకేం లేదు. ముప్పయ్యేళ్ల పెళ్లి క్యాసెట్లలో ఎక్కడో ఉండొచ్చు, కానీ వాటిలో పెళ్లికొడుకు ఉంటాడు, బ్యాండ్ అంచులో ఉంటుంది. టీనా కథ చెప్పడానికి నేను ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపేశా. బ్లూ నోట్ వాళ్ల మీద కోపంగా రాస్తున్న ప్రతిసారీ, నా టేబుల్ మీద ఆ హార్డ్ డిస్క్ కనిపించేది.

అందుకని ఇలా అనుకున్నా. వచ్చే ఆదివారం ఆ 11 నిమిషాలు పెడుతున్నా. నాయిస్ తీయను. శ్రుతి జారిన చోట కట్ చేయను. ఏరియేటర్లు ఉంటాయి, మధ్యలో కుక్క కూడా అరుస్తుంది. కింద వివరాల్లో తేదీ, చోటు, వాయించిన మనిషి పేరు రాస్తా. పేరు పెట్టొచ్చా అని నిన్ననే అడిగా. “ఇప్పుడెందుకురా” అన్నాడు ముందు. రాత్రి పదింటికి ఆయనే ఫోన్ చేసి, “పేరు కింద శాక్సఫోన్ అని కూడా రాయి. కాపలా అని రాసేవు” అన్నాడు.

మీరు రెండు పనులు చేయండి. ఒకటి, ఈ రాత్రి ‘మైనర్ మూవ్’ వినండి. మొదట ‘ద వే యూ లుక్ టునైట్’ పెట్టుకోండి. ట్యూన్ పోయినట్టు అనిపించినప్పుడు కంగారు పడకుండా వేళ్లు వేయండి, తిరిగొచ్చే చోటు మీకే తెలుస్తుంది. తర్వాత ‘ట్రూ బ్లూ’కి వెళ్లండి. రెండోది, మీ ఫోన్‌లో ఎవరిదైనా పాట, హరికథ, డప్పు, నాయనమ్మ జోలపాట ఏదైనా ఉంటే, ఫైల్ పేరు మార్చండి. ఇప్పుడు అక్కడ వీఐడీ అని పొడుగ్గా నంబర్లుంటాయి. దాన్ని తీసేసి మనిషి పేరు, ఊరు, తేదీ పెట్టండి. ఒక నిమిషం పని. ఆ మనిషి ఉంటే, ఈ రోజే ఆమెకో ఆయనకో వినిపించండి.

వచ్చే ఆదివారం వీడియో వచ్చాక నేను గుంట కాడికి పోతా. ఈసారి ఇయర్‌ఫోన్ రెండు ముక్కలూ ఆయన చెవుల్లోనే పెడతా. వ్యూస్ ఎన్నొచ్చాయో ఆయన అడగడు, నాకు తెలుసు. శ్రుతి జారిన రెండు చోట్ల మాత్రం తిడతాడు.

ఉంటానండీ. మళ్లీ కలుద్దాం.